శుక్లం ఆపరేషన్: ముదిరేదాకా ఆగొద్దు, ఆరో వారం దాకా వదలొద్దు

"అమ్మకి శుక్లం ఉందన్నారండీ, ఇంకా ముదరలేదట. ఎప్పుడు చేయించమంటారు?" తెనాలి నుంచి నందిగామ దాకా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "ఎండాకాలం చేయించొచ్చా?" ఆపరేషన్ అయిన నెలకి మూడోది: "మొదట్లో బాగానే కనపడింది, ఇప్పుడు మళ్ళీ మసకేసింది, ఎందుకని?"

మొదటి రెండింటికీ జవాబు ఇక్కడే. ముదరక్కర్లేదు. ఏ కాలంలోనైనా చేయించొచ్చు. ముదరాలన్న మాట, కంట్లో లెన్స్ వేయని రోజుల నాటిది. లోపలి కటకాన్ని మొత్తంగా పైకి తీసి, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు పెట్టేవాళ్ళు. పండని శుక్లం సరిగా ఊడి వచ్చేది కాదు, అందుకని ఆగమనేవాళ్ళు. ఇప్పుడు లెక్క తిరగబడింది. శుక్లం ఎంత ముదిరితే అంత గట్టిపడుతుంది, పగలగొట్టడం కష్టమవుతుంది, కోత పెద్దదవుతుంది. మరీ పండితే ఉబ్బిపోయి, లేదా కారిపోయి కంటిలో ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు నొప్పితో పరుగెత్తాల్సి వస్తుంది, చూపు కూడా దక్కకపోవచ్చు.

మూడో ప్రశ్నకే అసలు ఓపిక కావాలి. దానికి జవాబు ఎక్కువగా చుక్కల మందు సీసాలో ఉంటుంది.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

గ్రాఫ్ కాగితం ఒకటి, నల్ల స్కెచ్ పెన్ను, రెండు అట్టముక్కలు, గుండుసూది, కొలత టేపు, టార్చి, ఒక నోటుపుస్తకం. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు. పేర్లు రాసుకెళ్ళడం కాదు, అట్టలే పట్టుకెళ్ళండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఆరు వారాల పాటు పెద్దావిడ కంట్లో మందు వేసే మనిషి. ఎవరన్నది ఆపరేషన్‌కి ముందే ఇంట్లో తేల్చుకోండి.

1. ఈ అక్షరం అట్ట తయారు చేయండి

ఇంగ్లీషు 'ఈ' అక్షరం తెలుసుగా, మూడు పళ్ళ దువ్వెనలా ఉంటుంది. చదువురాని వాళ్ళకి చూపు పరీక్ష దానితోనే. గ్రాఫ్ కాగితం మీద 5 మిల్లీమీటర్ల గళ్ళు నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు తీసుకోండి. ఎడమ చివరి నిలువు వరస మొత్తం నల్లగా నింపండి. పైనుంచి ఒకటి, మూడు, ఐదు అడ్డ వరసలు మొత్తం నింపండి. రెండు, నాలుగు వరసల్లో మిగిలిన గళ్ళు తెల్లగా వదిలేయండి. అట్టకి అంటించండి.

స్కేలు పెట్టి కొలవండి. నిలువూ అడ్డం సరిగ్గా 25 మిల్లీమీటర్లు రావాలి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ప్రింటరు దాన్ని కాగితానికి సరిపడా సాగదీస్తుంది, అక్షరం ఒకటిన్నర రెట్లవుతుంది, చూపు లేనివాళ్ళు కూడా పాసైపోతారు.

రెండో అట్టకి గుండుసూదితో ఒక మిల్లీమీటరు రంధ్రం పొడవండి. అంచులు గరుకుగా లేకుండా చూసుకోండి.

2. ఒక్కో కన్ను విడిగా పరీక్షించండి

పగటిపూట, వసారాలోనో చెట్టు నీడలోనో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఎండ వాళ్ళ మొహం మీద పడకూడదు, అట్ట మీద వెలుతురు బాగా ఉండాలి. కుర్చీ నుంచి టేపుతో 19 అడుగులు కొలిచి నిలబడండి. అడుగులు వేసి లెక్కపెట్టొద్దు. దూరం చూడటానికి కళ్ళద్దాలుంటే పెట్టుకోనివ్వండి.

ఎడమ కన్ను అరచేతిని గిన్నెలా వంచి మూయించండి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూస్తారు. అరచెయ్యి కంటికి అదిమితే, ఆ కన్ను వంతు వచ్చినప్పుడు కాసేపు మసకగానే ఉంటుంది. ఇప్పుడు దువ్వెన పళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనండి. అట్టని వీపు వెనక తిప్పి మళ్ళీ చూపించండి. ఇలా ఐదుసార్లు. నాలుగు సరిగ్గా చెబితే ఆ కన్ను పాస్. "కనపడిందా?" అని అడగొద్దు. పెద్దవాళ్ళు మొహమాటానికి ఆఁ కనపడిందనేస్తారు.

ఈ కొలత సుమారుగా డాక్టర్లు రాసే 6/18, అంటే మంచి కన్ను 18 మీటర్ల నుంచి చూడగలిగేది ఈ కన్ను 6 మీటర్ల నుంచే చూడగలగడం. తప్పితే రంధ్రం అట్టని కంటి ముందు పెట్టి మళ్ళీ చూడమనండి. రంధ్రంలోంచి బాగా కనబడితే చాలామటుకు కళ్ళద్దాల సమస్యే. అప్పుడూ కనపడకపోతే శుక్లమో, ఇంకోటో. ఏ కన్ను తప్పినా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. రెండో కన్ను బాగుందని ఊరుకోవద్దు. ఒక కన్ను చల్లగా మూసుకుపోతుంటే రెండో కంటితో నెట్టుకొచ్చి, చివరికి రెండూ మసకబారాక బయటపడేవాళ్ళే మన ఊళ్ళల్లో ఎక్కువ.

రెండు కళ్ళూ తెరిచి, 10 అడుగుల దూరం నుంచి మీ వేళ్ళు కూడా లెక్కపెట్టలేకపోతే మన దేశం లెక్కలో అది అంధత్వమే (2017 నుంచి 3/60 కొలత). ఇక పండగలూ పెళ్ళిళ్ళూ అడ్డం పెట్టుకోవద్దు.

ఫలితం, తేదీ నోటుపుస్తకంలో రాయండి. అట్ట జాగ్రత్తగా దాచండి, దానితో ఇంకా పని ఉంది.

3. అది శుక్లమేనా?

మీరు తేల్చక్కర్లేదు. తేడాలు తెలిస్తే మాత్రం ఆలస్యం చేయరు. టార్చి పక్కనుంచి వేసి చూడండి. నల్లగుడ్డు మధ్యలో ఉన్న కంటిపాప బూడిదరంగుగానో, తెల్లగానో ఉంటే శుక్లం కావచ్చు. తెల్లమచ్చ గుడ్డు పైపొర మీదే ఉంటే అది పువ్వు, ఈ ఆపరేషన్‌తో పోదు. తెల్లగుడ్డు మీంచి ఎర్రటి రెక్కలా నల్లగుడ్డు మీదకి పాకితే అది కండ.

నీటికాసులు బయటికి ఏమీ కనపడవు, అందుకే ప్రమాదం. పక్కచూపు మెల్లగా తగ్గుతుంది, గడపకీ గేదెకీ తగులుకుంటారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. షుగరున్నవాళ్ళకి కంటి వెనక తెర కూడా దెబ్బతిని ఉండొచ్చు. వాళ్ళకి ఏడాదికోసారి చుక్కలు వేసి తెర పరీక్ష తప్పనిసరి, చూపు బాగున్నా సరే.

శుక్లం మామూలుగా నొప్పి లేకుండా, మెల్లగా వస్తుంది. ఒక్కసారిగా చూపు పోయినా, కన్నెర్రబడి తలనొప్పి, వాంతులు వచ్చినా అదే రోజు వెళ్ళాలి. చిన్నపిల్లల కంటిపాప తెల్లగా, పిల్లికన్నులా మెరుస్తుంటే ఒక్క వారం కూడా ఆగొద్దు, అది కంటి క్యాన్సరు కూడా కావచ్చు.

శుక్లాన్ని కరిగించే చుక్కలు ఎక్కడా లేవు. పొన్నగంటి కూర పప్పులో వేసుకుని తినండి, మంచిదే. నందివర్ధనం పసరు, తేనె, ఆముదం, చనుబాలు మాత్రం కంట్లో పోయొద్దు. పొర గీరి తీస్తామని ఊళ్ళ మీదికి వచ్చేవాళ్ళకి కన్ను అప్పగించొద్దు.

4. ఎక్కడికి వెళ్ళాలి

ముందు మీ దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో కంటి పరీక్షలు చేసే ఆప్తాల్మిక్ ఆఫీసరు ఏ రోజుల్లో ఉంటారో ఆశా కార్యకర్తని అడగండి. ఆపరేషన్‌కి విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులున్నాయి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. దాని కింద లెన్స్‌తో సహా శుక్లం ఆపరేషన్ ఉచితం. పెదకాకానిలోని శంకర కంటి ఆస్పత్రి ఊళ్ళల్లో శిబిరాలు పెట్టి, అవసరమైనవాళ్ళని తీసుకెళ్ళి ఉచితంగా చేస్తుంది. తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, అక్కడా కట్టలేనివాళ్ళకి ఉచిత విభాగం ఉంది.

డబ్బు పెట్టి చేయించేవాళ్ళు ముందే అడగండి: చెప్పిన మొత్తంలో లెన్స్, చుక్కల మందులు, తర్వాతి చూపింపులు కలిసున్నాయా? దగ్గరా దూరం రెండూ కనబడే ఖరీదైన లెన్స్ వేయించుకోమని ఒత్తిడి ఉంటుంది. పొలం, ఇల్లు, గుడి, టీవీ చూసుకునే పెద్దావిడకి మామూలు లెన్స్ చాలు. పంచాంగం చదవడానికి చత్వారం అద్దాలు పెట్టుకుంటారు, అంతే. మిగిలిన డబ్బు రెండో కంటికి దాచండి.

"కుట్లు లేనిదా, లేజరా?" అని తెగ మథనపడతారు. లేజరని జనం పిలిచేది చాలావరకు ఫేకో, శబ్ద తరంగాలతో పగలగొట్టి 2 నుంచి 3 మిల్లీమీటర్ల కోతలోంచి తీస్తారు. రెండోది 6, 7 మిల్లీమీటర్ల కోతతో చేత్తో తీసేది. దానికీ సాధారణంగా కుట్లు పడవు. బాగా ముదిరిన శుక్లానికి చాలామంది సర్జన్లు ఈ రెండోదాన్నే ఎంచుకుంటారు. అనుభవమున్న చేతిలో రెండూ మంచివే.

5. ఆపరేషన్‌కి ముందు దాచకుండా చెప్పవలసినవి

షుగరు 200 దాటి ఉన్నా, బీపీ 180/110 దాటి ఉన్నా సాధారణంగా వాయిదా వేస్తారు. తేదీ ఇచ్చారు కదాని ముందురోజు రాత్రి మాత్రలు రెట్టింపు మింగించొద్దు. రెండు వారాల ముందునుంచే సరిచేసుకోండి. రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టరుతో చెప్పి, వాళ్ళు చెప్పినట్టు చేయండి.

మగవాళ్ళలో తరచూ మరిచిపోయేది ఒకటుంది. మూత్రం సరిగా రావడానికి, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ మాత్ర. కంటికీ దానికీ ఏం సంబంధమని చెప్పరు. ఆ మాత్ర వాడేవాళ్ళ కంటిపాప ఆపరేషన్ మధ్యలో ముడుచుకుపోవచ్చు, సర్జన్ ముందే సిద్ధపడి ఉండాలి. మానేసి చాలాకాలమైనా చెప్పండి.

కంటి లోపలి మూల, ముక్కు పక్కన వేలితో మెల్లగా నొక్కి చూడండి. చీములాంటిది వస్తే కన్నీటి సంచిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. ముందు దాన్ని నయం చేయాలి, లేకపోతే ఆ క్రిములే కంటిలోకి వెళతాయి. పిప్పిపన్ను నొప్పి, ఒంటిమీద చీముగడ్డ, జ్వరం, దగ్గు ఉన్నా చెప్పండి.

చూపు చెయ్యి ఊపితే తెలిసేంత వరకే ఉంటే ఇంకో పరీక్ష: చీకటి గదిలో రెండో కన్ను మూసి, టార్చి పైనుంచి, కిందనుంచి, అటునుంచి, ఇటునుంచి వేసి వెలుతురు ఎటునుంచి వస్తోందో చెప్పమనండి. నాలుగు వైపులా చెప్పగలిగితే ఆశ ఎక్కువ. అసలు వెలుతురే తెలియకపోతే, ఆపరేషన్ చేస్తే చూపొస్తుందా అని డాక్టర్ని సూటిగా అడగండి.

6. ఆ రోజు

ముందురోజు తలస్నానం చేయించండి, తర్వాత కొన్నాళ్ళు కుదరదు. కాటుక, నూనె, పూలు వద్దు. మత్తు కంటికి మాత్రమే ఇస్తారు కాబట్టి చాలాచోట్ల తేలికపాటి టిఫిన్ తినమనే చెబుతారు. పరగడుపున రమ్మన్నారా, షుగరు మాత్ర వేసుకోమన్నారా అన్నది మాత్రం మీ ఆస్పత్రినే అడగండి. లోపల పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలు. ఏ కన్నో మీరూ ఒకసారి చెప్పి ఖాయం చేసుకోండి.

బయటికి వచ్చేముందు లెన్స్ వివరాల స్టిక్కరున్న కార్డు అడిగి తీసుకుని రేషన్ కార్డుతో పాటు దాచండి. ఆ లెన్స్ జీవితాంతం ఉంటుంది, మార్చక్కర్లేదు.

7. చుక్కలు వేయడం: తప్పులన్నీ ఇక్కడే

మామూలుగా రెండు సీసాలిస్తారు. ఒకటి క్రిములు చేరకుండా, ఒకటో రెండో వారాలు. రెండోది వాపు తగ్గడానికి వాడే స్టెరాయిడ్. చాలాచోట్ల మొదటి వారం రోజుకి ఆరుసార్లు, తర్వాత వారానికొకటి తగ్గిస్తూ ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మీ చీటీలో వేరేలా ఉంటే అదే పాటించండి.

లెక్క వేసి చూడండి. 42, 35, 28, 21, 14, 7. మొత్తం 147 చుక్కలు. 5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు వంద, మహా అయితే నూట యాభై. సగం చెంప మీద కారుతుంది. పైగా మూత తీసిన నెలకి సీసా పారేయాలి. అంటే రెండో సీసా కొనాల్సిందే. మూడో వారంలోనో నాలుగో వారంలోనో సీసా ఖాళీ అవుతుంది, కన్ను తెల్లగానే ఉంది, "ఇంకెందుకులే" అని ఆపేస్తారు. వాపు తిరగబెడుతుంది. ఆ మసక శుక్లం మళ్ళీ వచ్చినది కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. చల్లగా ఉందని ఆరు వారాల తర్వాత కూడా అదే చుక్కలు మెడికల్ షాపులో కొని నెలల తరబడి వేసుకోవడం. స్టెరాయిడ్ వల్ల కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులొస్తాయి.

వేసే పద్ధతి:

- సబ్బుతో చేతులు కడిగి, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. పమిటచెంగుతో కాదు.
- కాచి చల్లార్చిన నీళ్ళలో దూది తడిపి పిండి, మూసిన రెప్పని ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. ఆ దూది పారేయండి. రెండోసారికి కొత్తది.
- పెద్దావిడని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పాలలా తెల్లగా ఉండే మందైతే సీసా బాగా కుదపండి, లేకపోతే మందు అడుగునే ఉండిపోతుంది.
- పైకి చూడమనండి. చెంప ఎముక మీద వేలు పెట్టి కింది రెప్పని కిందికి లాగండి. గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. రెప్పకీ గుడ్డుకీ మధ్య చిన్న సంచిలా ఏర్పడుతుంది. అందులో ఒక్క చుక్క. నల్లగుడ్డు మీద వేస్తే ఉలిక్కిపడి కన్ను బిగించేస్తారు, మందంతా బయటికి.
- సీసా ముక్కు రెప్పకీ, వెంట్రుకలకీ, మీ వేలికీ తగలకూడదు.
- కన్ను మెల్లగా మూసి ఉంచమని, లోపలి మూలని ఒక నిమిషం వేలితో నొక్కి పట్టండి. మందు గొంతులోకి జారదు.
- రెండో మందు ఐదు నిమిషాల తర్వాత. వెంటనే వేస్తే మొదటిది కొట్టుకుపోతుంది.

సీసాలు రెండూ ఒకేలా ఉంటే ఒకదానికి రబ్బరు బ్యాండు వేయండి. చెవి చుక్కలు, అతికించే జిగురు ట్యూబు ఆ గూట్లో ఉండకూడదు. తొందరలో అవి కంట్లో పోసిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. గోడ క్యాలెండరు మీద వేసినప్పుడల్లా ఒక గీత గీయండి. ఆరు గీతలు పడాల్సిన గడిలో నాలుగే ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. మేలో మన ఎండలకి సీసా కిటికీలో పెట్టొద్దు, చల్లని గూట్లో ఉంచండి.

ఒంటరిగా ఉండే వాళ్ళైతే సీసా పట్టిన చేతిని నుదుటికి ఆనించి వేసుకోవడం ఆస్పత్రిలోనే మూడుసార్లు చేయించి చూడండి. కుదరకపోతే పక్కింటివాళ్ళని బతిమాలుకోవడమే.

పథ్యం లేదు. పప్పు, వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ తినొచ్చు. పథ్యం పేరుతో చారన్నం పెట్టి నీరసింపజేయకండి. రాత్రిళ్ళు కంటిమీద ప్లాస్టిక్ కవచం, ఆపరేషన్ కాని వైపు పడక. బిందెలు, బస్తాలు ఎత్తొద్దు. మొహం తడిగుడ్డతో తుడుచుకోవాలి, తలస్నానం ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి. కార్తీకమైనా సరే, నెల దాటేదాకా కృష్ణలో మునక వద్దు. మిర్చి కల్లానికి, తొడిమలు తీసే పనికి, తూర్పారబట్టే చోటికి కూడా నెలదాకా పంపొద్దు. ఆ దుమ్ముకి కన్ను నలపకుండా ఎవరూ ఉండలేరు.

8. ఇవి కనబడితే ఆ పూటే బయల్దేరండి

మొదటి రోజుల్లో కాస్త గరగర, నీరు కారడం మామూలే. గట్టి శుక్లం తీసినవాళ్ళకి మూడు నాలుగు రోజులు మసక కూడా ఉండొచ్చు. ఏ రోజైనా ముందురోజుకంటే మెరుగవ్వాలి, అది గుర్తు. నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, వచ్చిన చూపు తగ్గినా, రెప్పలు వాచి పుసి కట్టినా కంటిలోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఇది ఎక్కువగా మొదటి వారంలోనే వస్తుంది, గంటల లెక్కన కన్ను పాడవుతుంది. చూపింపు తేదీ ఎల్లుండే కదా అని ఆగొద్దు. ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేసి బయల్దేరండి. రాత్రయి ఎవరూ ఎత్తకపోతే గుంటూరు లేదా విజయవాడ ప్రభుత్వాస్పత్రి క్యాజువాలిటీకి వెళ్ళండి.

మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు ఉంటే కంటి వెనక తెర ఊడుతోందేమో చూడాలి. అదీ అదే రోజు.

9. ఫలితం మీరే కొలవండి

దాచిన అట్ట ఇప్పుడు తీయండి. మొదటి వారం చివర ఒకసారి, ఆరో వారం తర్వాత కొత్త కళ్ళద్దాలు రాయించాక ఇంకోసారి, అదే వసారా, అదే 19 అడుగులు. ఐదుకి నాలుగు రావాలి. ఆపరేషన్ అయిన కంట్లో 6/18, అంతకంటే మెరుగైన చూపుంటే మంచి ఫలితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదివరకు పెట్టుకున్న కొలత; ఇప్పుడది 6/12. తప్పితే రంధ్రం అట్ట పెట్టండి. దానిలోంచి కనబడితే కళ్ళద్దాలు సరిగా లేవు, మళ్ళీ రాయించండి. కనపడకపోతే నోటుపుస్తకం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, కారణం ఏమిటో అడగండి.

ఆరో వారం చూపింపుకి చాలామంది రారు. బస్సు చార్జీ, కూలి పోవడం, "బాగానే ఉందిగా" అన్న మాట. కళ్ళద్దాలు రాసేది, కంటి ఒత్తిడి చూసేది అప్పుడే.

నెలలో, ఏళ్ళో గడిచాక మళ్ళీ మెల్లగా మసకేస్తే, లెన్స్ వెనక పొర మందమై ఉండొచ్చు. దానికి కోత లేదు, యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల పని. అది నిర్ధారించాల్సింది డాక్టరే.

ఇక రెండో కన్ను. "ఒకటి చాల్లేరా, ఇంకెన్నాళ్ళుంటాను" అని ముఖ్యంగా ఆడవాళ్ళే అంటారు, ఇంట్లోవాళ్ళు కూడా ఆ మాట పట్టుకుంటారు. ఒంటికంటితో మెట్టు లోతు తెలియదు, పడితే తుంటి విరుగుతుంది. ఆరో వారం చూపింపులోనే రెండో కంటిని కూడా అట్టతో పరీక్షించి, తప్పితే ఆ గదిలోంచి తేదీ రాయించుకునే బయటికి రండి.